లారీ మావ మంచు ఫ్లాస్కు

బుధవారం పొద్దున్న ఏడింటికి సాలూరు వైపు నుంచి ఫోన్ వచ్చింది. లారీ మావ పెద్దకూతురు. "పిన్నీ, నాన్న పోనాడు. తెల్లారగట్ల లేసి టీ అడిగినాడు. టీ ఎట్టుకుని వచ్చేతలికి మరి పలకనేదు" అంది. ఏడుపు ఆపుకుంటూ ఇంకో మాట కూడా అంది. "ఇయ్యాల బుధవారం పిన్నీ, నువ్వు బేగి రావాల." బుధవారానికీ నేను తొందరగా రావడానికీ సంబంధం ఏమిటో నాకు అప్పుడు తట్టలేదు. తొంభై దాటిన మనిషి, మంచాన పడకుండా వెళ్లిపోయాడు, ఏడవడానికేముంది అని నాకు నేను చెప్పుకుంటూనే ఏడ్చాను. తర్వాత ముఖం కడుక్కుని విజయనగరం బస్టాండుకి ఆటో ఎక్కాను.

మీకు ఆయన ఎవరో తెలియదు. నలుగురికీ తెలిసే పనేదీ ఆయన చేయలేదు. సాలూరుకి దగ్గర్లో ఓ పల్లెలో పుట్టి, అక్కడే పోయిన లారీ డ్రైవరు. ఊళ్లో చిన్నా పెద్దా అందరికీ లారీ మావే. నాకు చుట్టమేమీ కాడు. మాది పొందూరు. మా నాయనమ్మ బతుకంతా రాట్నం ముందే గడిచింది. నేను నర్సు ట్రైనింగు అయ్యాక, ఇరవై ఒకటో ఏట, ఒక ట్రంకుపెట్టె, ఒక గొడుగు పట్టుకుని ఆ పల్లెకి ఉద్యోగానికి వెళ్లాను. అరవైల చివరి రోజులు. బస్సు దిగి ఎండలో నిలబడ్డ నన్ను చూసి లారీ ఆపి, "ఎవులమ్మాయివే నువ్వు? ఏ ఊరెల్లాల?" అన్నాడు. నర్సునని చెబితే కిటికీలోంచి తల బయటపెట్టి నన్ను కిందికీ పైకీ చూశాడు. "ఇంత గుంటని పంపీసినారేటి! మా ఊరి ముసలమ్మలు నీకే కసాయం పట్టీగలరు" అని పకపకా నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. అయినా పెట్టె ఎక్కించి కూర్చున్నాను, ఎండ అలా ఉంది మరి.

మనిషి పొట్టి, మీసాలు పొడుగు. ఖాకీ చొక్కా మీద ఎర్ర తువ్వాలు లేకుండా ఒక్క రోజు తప్ప నేనెప్పుడూ చూడలేదు. టీ సాసర్లో పోసుకునే తాగేవాడు. లారీ ఆపి దిగగానే చేయి వెనక్కి తిప్పి బానెట్ మీద ఆనించేవాడు, పిల్లాడి నుదుటి మీద జ్వరం చూసినట్టు. "కాలతన్నాది, కాసేపు ఒగ్గీండి" అనేవాడు. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, దారిలో ఎవరి చంకలో బిడ్డ కనిపించినా అదే చేయి అలాగే తిప్పి నుదుటి మీద పెట్టి చూసేవాడు. చాలాసార్లు నా థర్మామీటరు కంటే ముందు ఆయన చేయే చెప్పేది. నడిచి వెళ్తున్న మనిషిని ఎక్కించుకోకుండా లారీని పోనిచ్చేవాడు కాదు. అందుకే ఆయన లారీ ఏనాడూ చెప్పిన వేళకి రాలేదు.

ఆ రోజుల్లో పసిపిల్లలు డొక్కలెగరేస్తూ పోవడం అక్కడ పెద్ద వార్త కాదు. ముందు కోరింత దగ్గు వచ్చేది. దగ్గు తెర మొదలైతే బిడ్డకి ఊపిరి తీసుకునే సందు ఉండదు. ముఖం నల్లబడి, చివర ఒక కూత వేసి, తాగిన పాలన్నీ కక్కేసేది. వారాల తరబడి అలా దగ్గి దగ్గి నీరసించిన బిడ్డకి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరేది. మేం న్యుమోనియా అనేవాళ్లం, వాళ్లు డొక్కలెగరేత అనేవాళ్లు. పసుపుకొమ్ము కాల్చి పొట్ట మీద చురకలు పెట్టించేవారు. నా దగ్గరికి తెచ్చేసరికి బొడ్డు చుట్టూ పుండ్లు, ఊపిరి కొసన వేలాడుతూ ఉండేది. అలాంటి బిడ్డల్ని ఒళ్లో పెట్టుకుని నేను పట్నం ఆస్పత్రికి పరుగెత్తిన రోజులున్నాయి. దారిలోనే అయిపోయిన రోజులూ ఉన్నాయి.

న్యుమోనియాకంటూ నేరుగా వేసే టీకా అప్పటికి మా చేతికి రాలేదు. అయితే ఆ జబ్బుని పసివాళ్లలోకి తెచ్చే దారుల్లో కోరింత దగ్గు ఒకటి. ఆ దారిని మూసే సూది వచ్చింది. మూడు జబ్బులకి కలిపి ఒకటే మందు, ట్రిపుల్ యాంటిజెన్ అనేవాళ్లం. నెలకొకటి చొప్పున మూడుసార్లు వేయాలి. విజయనగరంలో మా పెద్ద డాక్టరమ్మగారు ఎంతమందికి ఉత్తరాలు రాసి సంపాదించారో గానీ, మా పల్లెకి కొన్ని సీసాలు ఇస్తానన్నారు. "చల్లగా తీసుకెళ్లగలిగితేనే ఇస్తాను, లేదంటే ఇక్కడే ఉండనీ" అన్నారు. మా పల్లెలో మంచు అంటే పుల్లయిసు ఒక్కటే తెలుసు. అది కూడా సాలూరు సంతకి వెళ్లినవాళ్లకే.

లారీ మావ చింతపండు బస్తాలు వేసుకుని వారానికి రెండుసార్లు విజయనగరం వెళ్లేవాడు. వెళ్లి అడిగాను.

"మావా, ఒక ఫ్లాస్కు తేవాలి. బిడ్డని తెచ్చినట్టు తేవాలి."

"ఏటుంటాది అందులో?"

"కోరింత దగ్గు రాకుండా మందు. వెచ్చబడితే పాడైపోతుంది. చల్లగా ఉండాలి."

"ఎంత సల్లగా?"

నేను నవ్వేశాను. "ఎంత చల్లగా ఉంటే అంత మంచిది" అన్నాను.

ఈ మాట నాది. దీన్ని ఎవరి మీదికీ నెట్టడానికి లేదు. ట్రైనింగులో నాకు రెండు ముక్కలు చెప్పారు, మందు వెచ్చబడకూడదు, గడ్డకట్టకూడదు అని. నేను ఆయనకి మొదటిదే చెప్పాను. ఆ ఎండల్లో మందు గడ్డకట్టడమనేది నా బుర్రకి తట్టలేదు.

మొదటి నెల తల్లుల్ని కూడగట్టడమే పెద్ద పని అయింది. మశూచికం టీకా వాళ్లకి తెలుసు, చేతి మీద మచ్చ పడుతుంది, వేసినట్టు కనిపిస్తుంది. దీనికి మచ్చా లేదు, పైగా మూడుసార్లు పొడవాలి, బిడ్డ రెండు రోజులు ఏడుస్తుంది. "రోగం నేని గుంటకి సూదేటమ్మా?" అని నా ముఖం మీదే అడిగారు. నేను చదువుకున్నదంతా చెప్పాను. ఎవరికీ ఎక్కలేదు. వెనకాల బల్ల మీద కూర్చుని సాసర్లో టీ ఊదుకుంటున్న లారీ మావ కల్పించుకున్నాడు.

"ఒలే, నాను ఘాటీ దిగీముందు బ్రేకు సూసుకుంటానా, దిగతన్నప్పుడు సూసుకుంటానా?"

"దిగీముందే."

"మరి అదే ఇదీని. బండి జారిపోయినాక బ్రేకు ఎతుక్కుంటే ఏటుంటాది? దీన్నొగ్గీసి ఇంటికెల్లిపోకండి."

అంతే. పద్నాలుగు మంది తల్లులు వరసలో కూర్చున్నారు. వాళ్లలో లారీ మావ భార్య కూడా ఉంది, చంకలో ఐదు నెలల చంటిపిల్లతో. ఆ తర్వాత ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఎక్కడికెళ్లినా నేను ఆ బ్రేకు మాటే చెప్పాను. అది నా సొంత తెలివి అనుకున్న డాక్టర్లు కూడా ఉన్నారు.

ఆ మొదటిసారి ఫ్లాస్కులో మంచు చాలావరకు కరిగిపోయింది. సీసాలు చల్లగానే ఉన్నాయి గానీ నాకు కంగారు. "చూడు మావా, నీళ్లయిపోయింది, ఇంకో గంట ఆలస్యమైతే ఏమయ్యేది?" అని సణిగాను. ఆయన ఫ్లాస్కులోకి తొంగిచూసి మీసం దువ్వుకున్నాడు. ఏదో ఆలోచిస్తున్నాడని నాకు తెలియలేదు.

రెండో నెలకి ఎండలు ముదిరాయి. ఏటి అవతల పల్లెలో కోరింత దగ్గు మొదలైందని కబురొచ్చింది. పిల్లలకి ఒక్క సూదే పడింది, దాన్ని నమ్ముకోవడానికి లేదు, రెండోది త్వరగా పడాలి. ఇంటింటికీ తిరిగి చెప్పాను. అనుకున్న రోజున పద్నాలుగు మందీ పొద్దున్నే బడి వరండాలో చేరారు. కొందరు పొలం గట్ల వెంట రెండు మైళ్లు నడిచి వచ్చారు. పదింటికి లారీ వచ్చింది. లారీ మావ ఫ్లాస్కుని రెండు చేతులా పట్టుకుని దిగాడు. ముఖం వెలిగిపోతోంది.

"సూడు నర్సమ్మా, ఈపాలి ఎంత సల్లగున్నాదో. పట్టుకుంటే సెయ్యి కాలిపోతాది."

మూత తీశాను. సీసాల మీద తెల్లగా మంచుపొడి. ఒకటి తీసి ఊపాను. ఊగలేదు. లోపల మందు రాయిలా గడ్డకట్టి ఉంది. ట్రైనింగు స్కూల్లో నేర్చుకున్న తెలుగంతా ఆవిరైపోయి నా నోట పొందూరు మాట వచ్చింది.

"ఏటి సేసినావు మావా?"

"ఉప్పేసినాను" అన్నాడు గర్వంగా. "మంచులో నాలుగు గుప్పిళ్లు కలిపినాను. సింతపండుకి ఉప్పేసి తొక్కితే ఏడాది నిలవుంటాదా నేదా? సేపకి ఉప్పేస్తే కుళ్లదు గదా. మొన్న మంచు నీరైపోనాదని నువ్వు గోలెడితివి. పుల్లయిసోడిని అడిగినాను. ఆడూ ఉప్పే ఏస్తాడట, దాంతోనే నీళ్లు రాయైపోతాయట."

పుల్లయిసువాడు చెప్పింది నిజమే. పుల్లయిసుకి కావాల్సింది అదే. నేను సీసాని పిడికిట్లో పట్టుకుని కరిగించాను. కరిగాక ఊపి వెలుతురుకి ఎత్తి చూశాను. మామూలుగా అయితే పల్చటి పాలలా ఒకే తీరుగా ఉండాలి. ఇది విరిగిన పాలలా తునకలు తునకలుగా తేలి, చూస్తుండగానే అడుక్కి దిగిపోయింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే.

ఆ తర్వాత నేను అన్న మాటలు ఇప్పుడు రాయడానికి సిగ్గేస్తుంది. అయినా రాస్తాను. "బుద్ధి లేక నీకు అప్పగించాను. పద్నాలుగు మంది పిల్లల నోట్లో మట్టికొట్టావు" అన్నాను. అందరి ముందూ అన్నాను. ఆయన భార్య తల దించుకుంది. లారీ మావ అలాగే నిలబడి విన్నాడు. ఊళ్లో ఒక్క మాట పడని మనిషి.

నేను ఆపాక నెమ్మదిగా అడిగాడు. "ఇది ఏస్తే గుంటలకి సెడుపా?"

"పొడిచినచోట గడ్డ కట్టొచ్చు. అంతకంటే పెద్ద చెడుపు, ఇది పని చెయ్యదు. వేశాం కదా అని ధీమాగా ఉంటాం, దగ్గు వస్తుంది."

నిజం చెబుతాను. ఒక్క నిమిషం నాకు దుర్బుద్ధి పుట్టింది. సీసాలో ఏముందో ఆ తల్లులకి తెలియదు. వేసేసి పంపిస్తే నన్నడిగేవాళ్లు లేరు. తిప్పి పంపిస్తే మళ్లీ వస్తారన్న నమ్మకం లేదు. నా చేయి సిరంజి పెట్టె మీదికి వెళ్లింది కూడా. లారీ మావ నా చేతి వంకే చూస్తున్నాడు. "ఎయ్యకు తల్లీ. నాను సెప్తాను" అన్నాడు.

వరండా మెట్టెక్కి నిలబడ్డాడు. "ఒలే, ఇనండి. మందు పాడైపోనాది. నర్సమ్మ పాడుసెయ్యనేదు, నాను సేసినాను. మంచులో ఉప్పేసీసినాను. నన్ను తిట్టదలుసుకున్నోలు ఇప్పుడే తిట్టీండి, మల్లీ టైముండదు. నాను విజయనగరం ఎల్తన్నాను. పొద్దు గుంకీలోగా మంచి మందు ఎట్టుకొస్తాను. ఎవులూ ఎల్లిపోకండి."

ఒకామె నిజంగానే తిట్టింది. ఇంకొకామె నవ్వింది. లారీ మావ తన భార్య వైపు తిరిగి, "నువ్వు ఇక్కడే కూకో. మన గుంట ఇక్కడుంటే ఈలంతా ఉంటారు" అన్నాడు. చింతపండు ఎగుమతి చేయాల్సిన లారీని ఖాళీగా తిప్పి, దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ పగలు ఎంత పొడుగైందో నాకే తెలుసు. తల్లులకి ఎవరో చోడి అంబలి కాచి తెచ్చారు. పిల్లలకి చెట్ల కింద ఉయ్యాలలు కట్టారు. వడగాలి. మధ్యాహ్నం దాటాక ఒకామె, అత్తగారు ఊరుకోరని లేచింది. ఇంకొకామె ఇంటిదగ్గర పశువులున్నాయని లేచింది. మూడో ఆమె ఏడు నెలల ఆడపిల్లని ఎత్తుకుని, బండి కట్టించుకొచ్చిన మామగారు తొందరపెడుతుంటే వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ వెళ్లింది. నేను ఆపలేదు. పొద్దున్న అంత గొంతు చించుకున్నదాన్ని.

పొద్దు వాలుతుండగా హారన్ వినపడింది. ఒకటే పొడుగు హారన్, ఊరి మలుపు దగ్గర మొదలుపెట్టి బడి దాకా ఆపలేదు. బానెట్ లోంచి ఆవిర్లు. అద్దం పక్కన తడి గోనె చుట్టిన ఫ్లాస్కు. దిగి చేయి బానెట్ మీద కూడా పెట్టకుండా నా దగ్గరికి వచ్చి, తనే ఒక సీసా తీసి, ఊపి, ఎండకి ఎత్తి పట్టుకున్నాడు. "సూడు, పాలలాగున్నాది. తునకలు నేవు. డాక్టరమ్మ మంచిదీ సెడ్డదీ రెండూ పక్కపక్కనెట్టి సూపించినాది" అన్నాడు. వెలుతురు ఉండగానే పదకొండు మందికి సూదులు వేశాను. చివరిది ఆయన కూతురికి వేశాను.

ఖాళీ లారీ తిప్పినందుకు యజమాని ఆయనకి రెండు నెలలు బండి ఇవ్వలేదు. మూడో నెల మందు రాదనుకున్నాను. వచ్చింది. వేరేవాళ్ల లారీలో, బస్తాల మీద కూర్చుని, ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని, తువ్వాలు నీళ్లలో తడిపి దానికి చుట్టి తెచ్చాడు. ఆయన నెత్తి మీద మాత్రం తువ్వాలు లేదు.

వానల్లో దగ్గు ఏరు దాటి మా వైపు వచ్చింది. ఆ పదకొండు మందిలో ఒక్కరికీ డొక్కలెగరలేదు. వెళ్లిపోయిన ముగ్గురిలో ఇద్దరికి నేను తర్వాత వేశాను. మూడో ఆమె పుట్టింటికి వెళ్లిపోయి, ఆలస్యంగా తిరిగి వచ్చింది. ఆ ఆడపిల్లకి దగ్గు పట్టుకుంది. తర్వాత నెమ్ము చేసింది. నేను వెళ్లేసరికి పిల్ల ఊపిరి పక్కగదిలోకి వినపడుతోంది. నాలుగో రోజు పోయింది.

లారీ మావా నేనూ కలిసి ఆ ఇంటికి వెళ్లాం. ఆయన గుమ్మం దగ్గరే కూలబడి, "నా ఉప్పే తల్లీ, నా ఉప్పే సంపీసినాది" అన్నాడు. ఆ తల్లి గోడకి ఆనుకుని కూర్చుని, "నేదు మావా. అందరూ కూకున్నారు. నానే లేసిపోనాను" అంది. అక్కడ మూడో దోషిని నేను. ఎంత చల్లగా అని అడిగితే నవ్విందాన్ని. ఆ రోజు ఆ గుమ్మంలో ఆ ముక్క నా నోట రాలేదు.

ఏడాది తిరిగాక ఆమెకి కొడుకు పుట్టాడు. బాలింతరాలు లేచిన దగ్గర్నుంచీ లారీ మావ నాకు గుర్తుచేస్తూనే ఉన్నాడు. మూడు నెలలు నిండిన వారానికే ఆమె వరసలో మొదట కూర్చుంది.

ఆ తర్వాత పదకొండేళ్లు, మా ఆరోగ్య సెంటరుకి ఫ్రిజ్ వచ్చేదాకా, ఆ ఫ్లాస్కు ఆయన చేతుల మీదుగానే వచ్చింది. మలుపు దగ్గర పొడుగు హారన్ వినబడితే తల్లులు బిడ్డల్ని ఎత్తుకుని బయల్దేరేవారు. సీసా ఊపి ఎండకి ఎత్తి చూడకుండా ఒక్కసారి కూడా నా చేతికి ఇవ్వలేదు. దారిలో లారీ ఆగినా పర్లేదు గానీ ఫ్లాస్కు మూత తియ్యకూడదనేవాడు. ఉప్పు సంగతి ఎవరైనా ఎత్తితే ముందు తనే నవ్వేవాడు, ఎత్తినవాళ్లు నవ్వేలోపే.

నేను బదిలీ అయి వెళ్లేటప్పుడు డాక్టరమ్మగారి దగ్గరికి సెలవు తీసుకోవడానికి వెళ్లాను. ఆవిడ మాటల్లో అన్నారు. "ఆ రోజు నీ డ్రైవరుని నిలదీశాను. గడ్డకట్టకూడదని నర్సు చెప్పలేదా అని. చెప్పింది, నేనే మర్చిపోయానన్నాడు. చెప్పలేదన్న మాట అతని నోట వస్తే నీ ఉద్యోగం ఉంచేదాన్ని కాదు. అబద్ధమని నాకు తెలుస్తూనే ఉంది."

పదకొండేళ్లు. ఒక్కసారి కూడా నాకు చెప్పలేదు. అందరి ముందు నేను అన్ని మాటలన్న మనిషి, ఆ మధ్యాహ్నమే వెళ్లి నన్ను కాపాడి వచ్చాడు. తిన్నగా పల్లెకి వెళ్లి అడిగాను, ఎందుకలా చెప్పావని. సాసర్లో టీ పోసుకుంటూ, "మంచు విజయనగరంలో ఎప్పుడెల్లినా దొరుకుతాది. ఇంటింటికీ తిరిగీ నర్సుని ఎక్కణ్ణించి తెస్తాను?" అన్నాడు. నేను ఆయన కాళ్లకి దండం పెట్టబోతే, "ఒలే, టీ ఒలికిపోతాది, లెగు" అని కసిరాడు. థాంక్స్ చెప్పడం అంతవరకే కుదిరింది.

ఆయన ముసలివాడయ్యాక కూడా చూడటానికి వెళ్తూనే ఉండేదాన్ని. పిల్లలకి నేరుగా న్యుమోనియాకే టీకా వచ్చింది మావా, మన ఊళ్లో కూడా ఉచితంగా వేస్తున్నారు అని చెప్పినప్పుడు, ఊతకర్ర పట్టుకుని సెంటరుకి నడిచాడు. కుర్ర నర్సుని సీసా చూపించమన్నాడు. ఆ పిల్ల బిత్తరపోయి నా వంక చూసింది. ఇమ్మన్నాను. ఊపి, వెలుతురుకి ఎత్తి, చూపు ఆనకపోయినా చాలాసేపు చూశాడు. "ఉప్పు ఎవులూ ఎయ్యనేదు గదా?" అన్నాడు. పెద్దవాళ్లకి వేసే న్యుమోనియా టీకా ఆయనకి కూతురు వేయించినప్పుడూ ఇదే ప్రశ్న. ఆ సూది తర్వాత చేయి రుద్దుకుంటూ, "ఆ గుంటకి ఇది దొరికుంటే" అన్నాడు. ఏ గుంట అని నేను అడగలేదు.

ఆ బుధవారం నేను చేరేసరికి పదకొండయింది. లారీ మావని వాకిట్లో పడుకోబెట్టారు, ఎర్ర తువ్వాలు మెడ చుట్టూ ఉంది. నుదుటి మీద చేయి వెనక్కి తిప్పి పెట్టాను. ఎందుకు పెట్టానో తెలియదు. ఆయన కూతురు, ఆ రోజు చివరి సూది వేయించుకున్న పిల్లే, ఇప్పుడు ఆమెకీ తల నెరిసింది, నన్ను పక్కకి పిలిచింది.

"నాన్న ముందే సెప్పీసినాడు పిన్నీ. బుధవారం గాని పోతే పెద్ద ఈదిలోంచి ఎత్తుకెల్లొద్దన్నాడు. ఇయ్యాల సెంటర్లో సూదులు ఏస్తన్నారు. ఈలు నా మాట ఇనడం నేదు. నువ్వు సెప్పాల."

అర్థమైంది. వల్లకాటికి దారి సెంటరు ముందునుంచే. పాడె వెళ్తుంటే మా వైపు చంటిబిడ్డల్ని ఎదురుగా ఉంచరు. తల్లులు బిడ్డల్ని కొంగుకింద దాచుకుని ఇళ్లకి వెళ్లిపోతారు, ఆ రోజుకి ఇంక సూదీ లేదు మందూ లేదు. "నావల్ల ఒకపాలి ముగ్గురు లేసిపోనారు, మరి ఎవులూ లెగకూడదు" అన్నాడట కూతురితో.

మోసే కుర్రాళ్లు గొణిగారు. వెనకవీధి చుట్టుదారి, సెంటరు పక్కనున్న రైసుమిల్లు వెనక బురద. మహారాజులా పెద్దవీధిన వెళ్లాల్సిన మనిషిని సందుల్లోంచి తీసుకెళ్తామా అన్నారు. నేను ఉప్పు సంగతి మొదలుపెట్టి, ముగ్గురు లేచిపోయిన సంగతి దాకా చెప్పాను. కుర్రాళ్లు వెనకవీధికే ఒప్పుకున్నారు. డప్పులవాళ్లలో పెద్దాయన నన్ను ఆపి, "డప్పు ఇనబడినా లెగుస్తారమ్మా. మిల్లు కాడ ఆపీమంటావా?" అని అడిగాడు. అది నాకు తట్టనే లేదు.

నేను మిల్లు మూల మీద నిలబడ్డాను. అక్కడినుంచి అటూ ఇటూ కనిపిస్తుంది. ఒకవైపు సెంటరు అరుగు మీద తల్లులు, ఒళ్లో బిడ్డలు, నీలం రంగు మంచుపెట్టె. రెండోవైపు బురదలో దిగబడుతూ పాడె. మిల్లు గోడ మొదలవగానే డప్పులు ఆగాయి. అడుగుల చప్పుడు తప్ప ఏమీ లేదు. కుర్ర నర్సు ఒక సీసా తీసి, ఊపి, ఎండకి ఎత్తి చూసింది. ఒక బిడ్డ కెవ్వుమంది. తల్లి ఊరుకోబెడుతూ పక్కకి జరిగింది, వెనకాల ఉన్నామె ముందుకి వచ్చి కూర్చుంది.

గోడ అయిపోయాక ఏటివైపున మళ్లీ డప్పులు మొదలయ్యాయి. వరసలోంచి ఒక్కరూ లేవలేదు.